కార్బురేటరు మొరాయింపు

ఇంజను విప్పి, కొత్త పిస్టను వేసి మళ్ళీ కట్టిన మోటారు సైకిలు మొదటి రోజున సరిగా నడవకపోతే, నింద ముందుగా కార్బురేటరు మీద పడుతుంది. అందుకు కారణం లేకపోలేదు. అది ఇంజను వెలుపల, చేతికి అందే చోట ఉంటుంది. రెండు మరలు వదులు చేస్తే ఊడి వస్తుంది. లోపలి ఇత్తడి ముక్కలను ఒకదాని తర్వాత ఒకటి మార్చి చూడవచ్చు. ఇంజనును మళ్ళీ విప్పటం అట్లా కాదు. నిన్న కట్టిన దానిని నేడు విప్పటానికి ఎవరికి మనసొప్పుతుంది? కాని మట్టిబాటల మీద, గుట్టల మీద పరుగెత్తే రెండు స్ట్రోకుల డర్ట్ బైకుల విషయంలో ఈ నింద చాలాసార్లు అన్యాయమైనది. కార్బురేటరుకు అన్యాయం జరిగితే జరిగింది, అసలు నష్టం వేరొకటి ఉన్నది. తప్పు ఉన్న చోటు వదలి లేని చోట వెదుకుతూ ఉంటే, ఈలోగా కొత్త పిస్టను సిలిండరును పట్టుకొని బిగుసుకుపోవచ్చు. ఎందుకో తెలియాలంటే ఆ ఇంజను గాలిని ఎట్లా పీలుస్తుందో, ఆ గాలిలోకి పెట్రోలు ఎట్లా వచ్చి చేరుతుందో ముందు తెలియాలి.

గాలి పెట్రోలును లాగటం

తరగతి గదిలో చేయదగిన చిన్న ప్రయోగం ఒకటి ఉన్నది. శీతల పానీయాలు తాగే స్ట్రా ముక్క నొకదానిని, పై కొన నీటిమట్టానికి కొంచెం మీదుగా ఉండేటట్లు గ్లాసు నీటిలో నిలువుగా పట్టుకోవాలి. మరొక స్ట్రాతో ఆ పై కొనకు అడ్డంగా గట్టిగా ఊదాలి. నీరు గొట్టంలో పైకి ఎక్కి తుంపరలుగా చిమ్ముతుంది. నీటిని ఎవరూ పైకి పంపలేదు. ఊదిన చోట గాలి వేగంగా కదులుతున్నది. అక్కడ పీడనం తగ్గింది. గ్లాసులోని నీటి మీద ఉన్న మామూలు వాతావరణ పీడనం నీటిని పైకి నెట్టింది. ప్రవాహవేగానికి, పీడనానికి ఉన్న ఈ సంబంధాన్ని డేనియల్ బెర్నూలీ 1738లో ప్రకటించిన గ్రంథంలో వివరించాడు. గొట్టం మధ్యలో సన్నబడితే అక్కడ ప్రవాహం వేగం పుంజుకొని పీడనం తగ్గుతుందని పరిశీలించిన ఇటలీ శాస్త్రజ్ఞుడు వెంచూరి. ఆయన పేరనే ఆ సన్నని భాగాన్ని వెంచూరి అంటారు. కార్బురేటరుకు గుండెకాయ ఇదే. గాలిగొట్టం సన్నబడిన చోట ఒక చిన్న రంధ్రం. దాని కింద ఎప్పుడూ ఒకే మట్టంలో పెట్రోలు ఉండే గిన్నె. 1893 ప్రాంతంలో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాహ్, హంగరీలో బాంకి, చోంకా అనే ఇద్దరు ఇంజనీర్లు ఈ పద్ధతిలో పెట్రోలును చిమ్మే పరికరాలను రూపొందించారు.

గిన్నెలో మట్టం మారకుండా చూసేది ఫ్లోటు అనే తేలే బుడ్డి. పెట్రోలు నిండిన కొద్దీ అది పైకి లేచి ఒక సూదిని రంధ్రంలోకి నొక్కి ధారను ఆపుతుంది. మట్టం దిగితే సూది వదులై పెట్రోలు మళ్ళీ వస్తుంది. ఇళ్ళ మీది నీళ్ళ ట్యాంకులో తేలే బంతి చేసే పనీ ఇదే.

ఇక ఎంత గాలికి ఎంత పెట్రోలు కావాలి? పెట్రోలు అనేక ఉదకర్బనాల మిశ్రమం. లెక్క సులువుగా ఉండటానికి ఆక్టేనును తీసుకుందాం. దాని అణువులో 8 కర్బన పరమాణువులు, 18 ఉదజని పరమాణువులు ఉన్నవి. 114 గ్రాముల ఆక్టేను పూర్తిగా మండాలంటే 400 గ్రాముల ఆమ్లజని కావాలి. గాలి బరువులో ఆమ్లజని సుమారు 23 వంతులు కనుక, 400 గ్రాముల ఆమ్లజని ఉన్న గాలి దాదాపు 1740 గ్రాములు. అంటే ఒకటికి పదిహేను. మామూలు పెట్రోలుకు ఇది 14.7గా లెక్కిస్తారు. పరిమాణంలో చూస్తే ఇంకా ఆశ్చర్యం కలుగుతుంది: ఒక లీటరు పెట్రోలు మండటానికి సుమారు 9,000 లీటర్ల గాలి కావాలి. ఇంజను నిజంగా తాగేది గాలినే; పెట్రోలు అందులో తాలింపు మాత్రమే!

పెట్రోలు పాలు ఇంతకంటె ఎక్కువైతే మిశ్రమం చిక్కబడిందనీ, తక్కువైతే పలచబడిందనీ అంటారు. రెండు స్ట్రోకుల ఇంజను పూర్తి బలంతో పని చేసేటప్పుడు మిశ్రమాన్ని కావాలనే కొంచెం చిక్కగా, ఒకటికి పన్నెండు పదమూడు పాళ్ళ గాలి ఉండేటట్లు ఉంచుతారు. అధికంగా ఉన్న పెట్రోలు ఆవిరి కావటానికి వేడిని పీల్చుకొని పిస్టనును చల్లబరుస్తుంది. పలచబడితే ఈ చలువ పోతుంది.

పెట్టెలో ఊపిరి

నాలుగు స్ట్రోకుల ఇంజనుకు కవాటాలు ఉంటవి. గాలి కార్బురేటరు నుంచి నేరుగా సిలిండరు పైభాగంలోకి వస్తుంది. రెండు స్ట్రోకుల ఇంజను అట్లా కాదు. ఇంగ్లండులోని బాత్ నగరంలో జోసెఫ్ డే 1889–91 మధ్య తయారు చేసిన పద్ధతినే ఇప్పటికీ ఈ మోటారు సైకిళ్ళు అనుసరిస్తున్నవి. పిస్టను పైకి పోతున్నప్పుడు దాని కింద, క్రాంకు తిరిగే పెట్టెలో ఖాళీ పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది, కార్బురేటరు గుండా గాలి, పెట్రోలు, నూనె కలిసి ఆ పెట్టెలోకి వస్తవి. పిస్టను దిగుతున్నప్పుడు ఆ మిశ్రమమే నొక్కుకొని పక్క దారుల వెంట సిలిండరులోకి ఎక్కుతుంది. అంటే పిస్టను పైభాగం మండించే పని చేస్తుంటే, కిందిభాగం పంపు పని చేస్తున్నది. నిమిషానికి 6,000 సార్లు తిరిగే ఇంజనులో ఈ పంపు సెకనుకు నూరుసార్లు పీల్చి నూరుసార్లు ఊదుతుంది.

కవాటాలు లేవు, వాటిని తిప్పే సరంజామా లేదు, బరువు తక్కువ, క్రాంకు తిరిగిన ప్రతి చుట్టులోను ఒక పేలుడు. గుట్టలెక్కే బండికి ఇంతకంటె ఏమి కావాలి? బెల్జియం దేశస్థుడు జోయెల్ రోబేర్ 1964లో 250 సి.సి. మోటోక్రాస్ ప్రపంచ విజేత అయినది చెకోస్లొవేకియాలో తయారైన సీజెడ్ రెండు స్ట్రోకుల బండి మీదనే. 1968లో యమహా వారు అమెరికాలో అమ్మిన 246 సి.సి. డీటీ-1 ఇటువంటి బండ్లను సామాన్యులకు అందుబాటులోకి తెచ్చింది. మన దేశంలో 1985 నుంచి 1996 వరకు అమ్మిన ఆర్‌ఎక్స్ 100 రోడ్డుబండి. అయినా దానిని విప్పి కట్టి, గళ్ళ టైర్లు వేసి మట్టిలో తిప్పేవారు ఇప్పటికీ ఉన్నారు. పొగ నియమాలు బిగిసిన తర్వాత ఇటువంటి కొత్త బండ్లు రోడ్డు మీదికి రావటం ఆగిపోయింది. ఉన్నవాటినే మళ్ళీ మళ్ళీ బాగు చేసుకోవలసి వస్తున్నది.

పైన చెప్పినదానిలో గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. కార్బురేటరుకు తనంతట తానుగా ఏమీ తెలియదు. పెట్టెలోని పంపు ఎంత లాగితే, తన గుండా ఎంత గాలి పోతే, అంతకు తగిన పెట్రోలు ఇస్తుంది. పెట్టెకు మరెక్కడైనా సందు ఉంటే, ఆ సందులోనుంచి కూడా గాలి లోపలికి పోతుంది. ఆ గాలి కార్బురేటరు గుండా రాలేదు కనుక దానికి పెట్రోలు లేదు. పెట్రోలులో నూనె కలిపి పోసే బండ్లలో దానికి నూనె కూడా లేదు.

మూడు లక్షణాలు

కొత్తగా కట్టిన 125 సి.సి. బండి ఒకటి ఇట్లా ప్రవర్తిస్తున్నదనుకుందాం. చోకు వేస్తే వెంటనే అందుకుంటుంది. చోకు తీస్తే ఆగిపోతుంది. వేడెక్కిన తర్వాత స్లోలో నిలకడ లేదు. ఒకసారి రేజు ఇచ్చి వదిలితే చప్పున దిగి రాకుండా కొంతసేపు పైనే అరుస్తూ ఉండి, ఆపైన నింపాదిగా దిగుతుంది. థ్రాటిల్ చటుక్కున తిప్పితే ఒక్క క్షణం గొంతు పట్టుకున్నట్లు ఆగి, తర్వాత లేస్తుంది. థ్రాటిల్ పూర్తిగా తెరిచి పోతుంటే మాత్రం ఏ లోపమూ లేనట్లే కనబడుతుంది.

ఈ మూడు లక్షణాలూ మిశ్రమం పలచబడిందని చెప్పేవే. చోకు అంటే అదనంగా పెట్రోలు ఇచ్చే దారి. అది ఉన్నంతసేపు బాగుండటమే సాక్ష్యం. పెట్రోలు చాలటం లేదని చూసినవారు వెంటనే కార్బురేటరులో పైలట్ జెట్టు పెద్దది వేస్తారు. కొంచెం మెరుగవుతుంది. ఇంకా పెద్దది వేస్తారు. ఇంకొంచెం మెరుగవుతుంది. ఆ ఇంజను మరొక బండిలో ఏ సైజు జెట్టుతో నడుస్తున్నదో అంతకు రెండు మూడు సైజులు దాటిపోయినా సరిపడలేదంటే, అక్కడ ఆగి ఆలోచించాలి. కార్బురేటరు అదే, ఇంజను అదే, మారినదల్లా విప్పి కట్టటం. విప్పి కట్టటంలో కార్బురేటరుకంటె ఎక్కువగా కదిలినవి అతుకులు, గాస్కెట్లు, ఆయిలు సీళ్ళు.

సందు ఉంటే స్లోలోనే ఎందుకు ఎక్కువగా తెలుస్తుంది? స్థూలంగా ఒక లెక్క వేసి చూడవచ్చు. స్లోలో థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది. ఇంజను నిమిషానికి 30 లీటర్ల గాలి మాత్రమే తీసుకుంటున్నదనుకుందాం. సందులోనుంచి నిమిషానికి 3 లీటర్ల దొంగగాలి వస్తే అది పదోవంతు. థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు అదే ఇంజను 900 లీటర్లు తీసుకుంటుంది. అక్కడ 3 లీటర్లు ఏ మూలకు? సందు మారలేదు, దాని పాలు మారింది. జెట్టు లోపమైతే ఇట్లా కాదు. అది తన పరిధిలోనే కనబడుతుంది.

ఈ లెక్క చూసి, వేగంగా పోయేటప్పుడు భయం లేదని అనుకోరాదు. ప్రమాదం వేరొక తీరున వస్తుంది. బండి పూర్తి వేగంతో గుట్ట ఎక్కి, థ్రాటిల్ మూసి ఏటవాలు దిగుతున్నదనుకుందాం. చక్రాలు ఇంజనును వేగంగా తిప్పుతూనే ఉన్నవి. పెట్టెలోని పంపు బలంగా లాగుతూనే ఉన్నది. కార్బురేటరు దారి మూసుకున్నది. అప్పుడు గాలికి సులువైన దారి ఏది? ఆ సందే. పెట్రోలు లేక, నూనె లేక, అంతవరకు కాగి ఉన్న పిస్టను ఆరిపోయిన గోడల మీద వేలసార్లు రాసుకుంటుంది.

కొత్త పిస్టనుకు ఇది మరీ ప్రమాదం. అల్యూమినియం వేడికి వ్యాకోచించే తీరు పోత ఇనుముకు దాదాపు రెట్టింపు. 54 మిల్లీమీటర్ల వ్యాసం గల అల్యూమినియం ముక్క 100 డిగ్రీలు వేడెక్కితే 0.12 మిల్లీమీటరు పెరుగుతుంది. అంతే వ్యాసం గల ఇనుప రంధ్రం 0.06 మాత్రమే పెరుగుతుంది. పిస్టనుకు, సిలిండరుకు నడుమ వదిలే సందు మిల్లీమీటరులో నూరింట అయిదారు వంతులు. సిలికాన్ కలిపిన మిశ్రలోహంతో పిస్టను చేసి వ్యాకోచాన్ని కొంత తగ్గిస్తారు. అయినా పిస్టను సిలిండరుకంటె ఎప్పుడూ వేడిగానే ఉంటుంది కనుక, లెక్కలో మిగిలేది బహు స్వల్పం. ఆ స్వల్పాన్ని కాపాడుతున్నవి నూనె పొర ఒకటి, చిక్కని మిశ్రమం ఇచ్చే చలువ ఒకటి. దొంగగాలి రెండింటినీ ఒకేసారి తీసివేస్తుంది. మెకానిక్కులు పిస్టను పట్టేసింది అనేది ఇదే.

నూనె గురించి ఒక పొరపాటు ఇక్కడే చెప్పుకోవాలి. కొత్త ఇంజను గదా అని కొందరు పెట్రోలులో నూనె రెట్టింపు పోస్తారు. 32 పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు నూనె అంటే లీటరుకు 31 మిల్లీలీటర్లు. 20కి ఒకటి అంటే 50 మిల్లీలీటర్లు. జెట్టు గుండా పోయే ద్రవం మొత్తం అంతే గనుక నూనె పెరిగిన మేరకు పెట్రోలు తగ్గుతుంది. మంచికి చేసినది మిశ్రమాన్ని కొంచెం పలచబరుస్తుంది. తయారీదారు చెప్పిన పాలే మేలు.

రక్తపోటు పరికరంతో పరీక్ష

సందు ఎక్కడ? అనుమానించవలసిన చోట్లు ఎక్కువ లేవు. కార్బురేటరును ఇంజనుకు కలిపే రబ్బరు గొట్టం; పాతబడితే అది లోపలి మడతలలో పగులుతుంది, బయటికి కనబడదు. సిలిండరు అడుగున ఉన్న గాస్కెట్టు. పెట్టె రెండు చిప్పలు కలిసే అంచు. దానిని స్క్రూడ్రైవరుతో ఎత్తి విడదీసి ఉంటే గీతలు పడి ఉంటవి. అన్నిటికంటె ముఖ్యం క్రాంకు ఇరుసుకు అటూ ఇటూ ఉన్న ఆయిలు సీళ్ళు. ఇవి రెండూ ఒకే తీరున మోసం చేయవు. మాగ్నెటో వైపు సీలు పాడైతే బయటి గాలి వస్తుంది, మిశ్రమం పలచబడుతుంది. క్లచ్చి వైపు సీలు పాడైతే గేరుపెట్టెలోని నూనె లోపలికి వచ్చి మండుతుంది. తెల్లని దట్టమైన పొగ ఆగకుండా వస్తుంది, గేరు నూనె మట్టం రోజురోజుకు దిగుతుంది. ఇటువంటి పొగ చూసి కార్బురేటరులో పెట్రోలు తగ్గించేవారు కూడా ఉన్నారు!

నడుస్తున్న ఇంజను అతుకుల మీద పెట్రోలు గాని, మండే ద్రవం మరేదైనా గాని చల్లి శబ్దం మారుతుందేమో చూసే పద్ధతి ఒకటి వాడుకలో ఉన్నది. వేడి ఇంజను దగ్గర అది నిప్పుతో చెలగాటం. ఇంజను ఆపి చేసే పరీక్ష ఇంతకంటె నమ్మదగినది. కార్బురేటరును తీసి ఆ రబ్బరు గొట్టాన్ని బిరడాతో మూయాలి. పొగగొట్టం తీసి ఆ ద్వారాన్ని రబ్బరు ముక్క, రేకు పెట్టి బిగించాలి. పిస్టనును అడుగుకు దింపితే పక్క దారులు తెరుచుకొని సిలిండరు, పెట్టె ఒకే గది అవుతవి. ఇక ప్లగ్గు రంధ్రం గుండా గాలి ఎక్కించాలి. టైర్లకు గాలి కొట్టే యంత్రం ఇక్కడ పనికిరాదు. ఎక్కువ పీడనం మంచి సీళ్ళను కూడా ఊడబొడుస్తుంది. కావలసినది వాతావరణ పీడనంలో పదింట నాలుగు వంతులకు మించకుండా. డాక్టర్లు రక్తపోటు చూసే ముల్లు పరికరంలోని రబ్బరు బుడ్డి, గొట్టం, గడియారం సరిగా ఈ పనికి సరిపోతవి. దాని ముల్లు 300 మిల్లీమీటర్ల పాదరసం వరకు చూపుతుంది. వాతావరణ పీడనం 760 గనుక ఇది పదింట నాలుగు వంతులే. భౌతికశాస్త్ర ప్రయోగశాల ఉన్న బడిలో ఈ పరీక్షను విద్యార్థుల ఎదుట చేయవచ్చు.

ముల్లును 300 దగ్గర నిలిపి అయిదారు నిమిషాలు చూడాలి. దాదాపు కదలకుండా ఉంటే పెట్టె గట్టిది. చూస్తుండగానే దిగిపోతే సబ్బునీరు తీసుకొని ఒక్కొక్క అతుకు మీద రాయాలి. సందు ఉన్న చోట బుడగలు వస్తవి. మాగ్నెటో మూత తీసి ఇరుసు చుట్టూ కూడా రాయాలి. క్లచ్చి వైపు సీలు లోపల ఉంటుంది, కనబడదు. గేరు నూనె పోసే రంధ్రం మీద సబ్బు పొర పరిస్తే, ఆ సీలు కారుతున్నట్లయితే పొర ఉబ్బుతుంది. ముందుగా మూసిన బిరడాలనే పరీక్షించటం మరవరాదు. ఇంజను బాగుండి బిరడా కారితే రోజంతా వృథా. గాలి ఎక్కించినప్పుడు నిలిచిన సీలు, గాలి లాగినప్పుడు వదిలే అవకాశం కూడా ఉన్నది. కనుక చేతిపంపుతో అంతే మేరకు గాలి లాగి ముల్లు నిలుస్తున్నదో లేదో రెండవసారి చూడటం మంచిది. ఆ పనికి తక్కువ పీడనం చూపే మరొక గడియారం కావాలి.

కార్బురేటరు వంతు

పెట్టె గట్టిదని తేలిన తర్వాతనే కార్బురేటరును విచారించాలి. అంతకుముందు ఒక నిమిషం పనులు రెండు మూడు ఉన్నవి. పెట్రోలు గొట్టాన్ని ఊడదీసి ధార ధారాళంగా వస్తున్నదో లేదో చూడాలి. బండి పది నిమిషాలు నడిచి ఆగిపోయి, కొంతసేపటికి మళ్ళీ అందుకుంటుంటే ట్యాంకు మూత తీయాలి. గాలి బుస్సుమని లోపలికి పోతే మూతలోని ఊపిరి రంధ్రం పూడిపోయిందన్నమాట. గాలి వడపోత దుమ్ముతో నిండినా, సైలెన్సరు మసితో నిండినా మిశ్రమం చిక్కబడినట్లే కనబడుతుంది.

ఇప్పుడు కార్బురేటరు. వేగాన్నిబట్టి కాక, థ్రాటిల్ ఎంత తెరుచుకున్నదన్నదానిని బట్టి అందులోని భాగాలు వంతులు పంచుకుంటవి. ఇది తెలియక ఇంజను శబ్దాన్ని బట్టి ఊహించేవారు ఒక భాగం లోపానికి మరొకదానిని మారుస్తారు. చేతిపిడి మీద, దాని పక్క కదలని భాగం మీద తెల్లని టేపు ముక్కలు అంటించి పావు, సగం, ముప్పావు గీతలు పెట్టుకుంటే ఈ తికమక ఉండదు. థ్రాటిల్ మూసి ఉన్నప్పటి నుంచి ఎనిమిదో వంతు వరకు పైలట్ జెట్టు, గాలి మర పని చేస్తవి. పావు వరకు పైకీ కిందికీ కదిలే స్లయిడు కింది కోత ప్రభావం. పావు నుంచి ముప్పావు వరకు స్లయిడుకు వేలాడే కోసుగా ఉన్న సూది. ఆపైన మెయిన్ జెట్టు. హద్దులు కత్తితో కోసినట్లు ఉండవు, ఒకదానిలోకి ఒకటి కలుస్తవి.

వీటిలో తరచుగా మొరాయించేది పైలట్ జెట్టు. దాని రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. విప్పిన బండి నెలల తరబడి మూల పడి ఉంటే గిన్నెలోని పెట్రోలు ఆవిరై, మిగిలినది జిగురై ఆ రంధ్రాన్ని పూడుస్తుంది. చోకుతోనే నడిచే బండి కథ ఇక్కడ కూడా ముగియవచ్చు. అందుకే పెట్టె పరీక్ష ముందు చేయాలన్నది. జెట్టును కార్బురేటరు శుభ్రపరచే ద్రవంలో నానబెట్టి గాలి కొట్టాలి. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా కనబడాలి. ఉక్కు తీగ దూర్చి గీకటం తప్పు. ఇత్తడి మెత్తనిది. 1.00 మిల్లీమీటరు రంధ్రం 1.05 అయితే కొలతలో తేడా కంటికి ఆనదు. కాని వైశాల్యం వ్యాసవర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక పదింట ఒక వంతు ఎక్కువ పెట్రోలు పోతుంది. ఆపైన జెట్టు మీద చెక్కిన అంకె అబద్ధమవుతుంది, దానిని నమ్మి చేసిన ప్రతి సర్దుబాటూ తప్పుతుంది.

గాలి మరను లోపలికి మెల్లగా బిగించి, అక్కడినుంచి ఒకటిన్నర చుట్టు వెనక్కు తిప్పటం చాలా బండ్లకు మొదటి అమరిక. ఆ మర కార్బురేటరుకు గాలి వడపోత వైపున ఉంటే అది గాలిని అదుపు చేసేది. వెనక్కు తిప్పితే మిశ్రమం పలచబడుతుంది. ఇంజను వైపున ఉంటే అది పెట్రోలును అదుపు చేసేది. వెనక్కు తిప్పితే చిక్కబడుతుంది. సూది పైకొన దగ్గర గాట్లు ఉంటవి, ఒకదానిలో చిన్న క్లిప్పు ఉంటుంది. క్లిప్పును కింది గాటిలోకి దింపితే సూది పైకి లేస్తుంది, పెట్రోలు పెరుగుతుంది. దింపితే లేవటమేమిటని ఇక్కడ తడబడనివారు అరుదు.

కట్టేటప్పుడు జరిగే తప్పులు కూడా కొన్ని ఉన్నవి. స్లయిడు కింది కోత గాలి వడపోత వైపుకు ఉండాలి. కొన్ని నమూనాలలో దానిని వెనుక ముందుగా కూడా దూర్చవచ్చు. అప్పుడు ఇంజను అందుకోగానే అరుపు లంకించుకొని ఆగదు. ఫ్లోటు మట్టం తప్పితే అన్ని జెట్ల లెక్కా తప్పుతుంది. గిన్నె కింది గొట్టం నుంచి పెట్రోలు కారుతుంటే సూది కింద మట్టి రేణువు చిక్కి ఉండాలి, లేదా ఫ్లోటు చిల్లి పడి మునిగి ఉండాలి. ఇత్తడి ఫ్లోటును చెవి దగ్గర ఊపితే లోపలి పెట్రోలు శబ్దం చేస్తుంది. వేడినీటిలో ముంచితే చిల్లి ఉన్న చోట బుడగలు వస్తవి.

పాత అమరిక పుస్తకాలను అక్షరాలా నమ్మేవారు గమనించవలసిన కొత్త విషయం ఒకటి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో మన దేశంలో నూటికి 20 పాళ్ళు ఇథనాలు కలిపిన పెట్రోలు అమ్మకం ప్రారంభమై, 2025 నాటికి దేశమంతట వ్యాపించింది. ఇథనాలు అణువులోనే ఆమ్లజని ఉన్నది కనుక దానికి కావలసిన గాలి తక్కువ, ఒకటికి తొమ్మిది పాళ్ళే. ఈ మిశ్రమ ఇంధనానికి కావలసిన గాలి పాలు 14.7 నుంచి సుమారు 13.5కు దిగుతుంది. 1980లలో అచ్చమైన పెట్రోలుకు అమర్చిన జెట్టు ఇప్పుడు అంతే ద్రవాన్ని ఇచ్చినా, ఇంజను దృష్టిలో అది పలచని మిశ్రమమే. పైగా ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది. బండిని నెలల తరబడి నిలిపి ఉంచేటప్పుడు గిన్నెను ఖాళీ చేయటం అందుకే.

ఎత్తు దీనికి ఎదురుగా పని చేస్తుంది. విశాఖపట్నం సముద్రతీరాన సరిపడిన బండి, తొమ్మిది వందల మీటర్లకు పైగా ఎత్తున ఉన్న అరకు ప్రాంతానికి పోతే అక్కడ గాలి సుమారు పదోవంతు పలుచన కనుక మిశ్రమం చిక్కబడుతుంది. ఇంజను ఒక పేలుడు విడిచి ఒక పేలుడు కొడుతున్నట్లు బొంగురుగా మోగుతుంది. అందువల్ల పిస్టనుకు ముప్పు లేదు, ప్లగ్గుకు మసి మాత్రమే.

చివరకు అమరిక కుదిరిందో లేదో చెప్పేది ప్లగ్గే. కొత్త ప్లగ్గు వేసి, ఇంజనును బాగా వేడి చేసి, గీత పెట్టుకున్న థ్రాటిల్ దగ్గర కొంతదూరం నడిపి, ఒక్కసారిగా స్విచ్చి కట్టి క్లచ్చి పట్టి బండిని ఆపి ప్లగ్గు తీసి చూడాలి. స్లోలో ఇంటిదాకా నడిపి తెచ్చి చూస్తే కనబడేది స్లో రంగే. పింగాణీ తేనీరు రంగులో ఉంటే సరి, తడి నలుపు అయితే చిక్కన, సున్నం వేసినట్లు తెల్లగా ఉంటే పలుచన అని పాత పుస్తకాలు చెబుతవి. ఆ రంగులలో కొంత భాగం పెట్రోలులో కలిపిన సీసానిది. 2000 సంవత్సరంలో దేశమంతట సీసం లేని పెట్రోలు వచ్చిన తర్వాత ప్లగ్గు కొన రంగు త్వరగా పట్టదు. కనుక ఇప్పుడు కొనను కాక పింగాణీ మొదలును, అది లోహంలోకి దిగే చోటును, భూతద్దంతో చూడాలి. మిశ్రమం సరిగా ఉన్న ఇంజనులో అక్కడ సన్నని మసి ఉంగరం ఉంటుంది. ఆ ఉంగరం లేకుండా పింగాణీ అడుగువరకు తెల్లగా ఉండి, దాని మీద అల్యూమినియం రవ్వలు మెరుస్తుంటే బండిని ఇక ఒక్క గజం కూడా నడపకూడదు. ఆ రవ్వలు పిస్టనువి.